కొత్త నేల, కొత్త నడక



పొలం గట్ల మీద వయ్యారిభామ, చెరువుల్లో గుర్రపుడెక్క, బీళ్లలో సర్కారు తుమ్మ. మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఈ సంచికలో మేం పట్టించుకున్నది ఇలాంటి చొరబాటు జాతులను.

ఇప్పుడే ఎందుకంటే, లెక్క పెద్దది. మనుషుల వల్ల కొత్తచోట్ల స్థిరపడిన జాతులు 37,000 పైచిలుకని, హాని చేస్తున్నవి 3,500కు మించాయని 2023లో జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్ప్రభుత్వ వేదిక ఐపీబీఈఎస్ నివేదిక తేల్చింది.

వ్యాసాలన్నిటినీ కలిపే దారం ఒకటుంది: వచ్చిన జీవి వచ్చినట్టే ఉండిపోదు. చెరకు పురుగులను తింటాయని 1935లో హవాయి నుంచి ఆస్ట్రేలియాకు తెచ్చిన కప్పలనే చూడండి. అవి మొదట్లో ఏడాదికి పది కిలోమీటర్ల చొప్పున విస్తరించాయి, తర్వాత యాభై దాటాయి. వేగంగా గెంతేవే ముందు వరుసకు చేరి, అక్కడ వాటిలో అవే జతకట్టడంతో పొడవు కాళ్ల సంతతి పెరిగింది.

శాస్త్రవేత్తల పట్టికలూ కదులుతున్నాయి. జన్యు ఆధారాలతో సర్కారు తుమ్మ 2022లో ప్రోసోపిస్ ప్రజాతి నుంచి నెల్టుమాకు మారింది. స్థానిక జీవులకు చేసే హానిని బట్టి పరదేశి జాతులను ఐదు మెట్లుగా విభజించే పద్ధతిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ 2020లో ఆమోదించింది. అయితే బొగ్గు కాల్చి బతికేవారికి అదే తుమ్మ జీవనాధారం. ఆ సంగతి ఈ మెట్లకు అందదు. మా రచయితలు రెండు వైపులా విన్నారు.

మీ ఊళ్లో కొత్తగా కనబడుతున్న మొక్కేదో, పురుగేదో మాకు రాయండి.

— సంపాదకవర్గం