గేటు దగ్గర మారే మాట

శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్ నుంచి వెలుపలికి సాగే రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి. రాజీవ్ రహదారి మీదుగా శామీర్‌పేటకో, నాగపూర్ హైవే మీదుగా మేడ్చల్ అవతలికో, నగరాన్ని దాటి వికారాబాద్ అనంతగిరి కొండలకో వెళ్లే ఆ కుటుంబాల్లో కొందరి వెంట ఇప్పుడు పెంపుడు కుక్క కూడా ఉంటోంది. కంటోన్మెంట్ నీడన ఎదిగిన ఈ ఊళ్లో, సైనిక్‌పురి, మారేడ్‌పల్లి, తిరుమలగిరి ఇళ్లలో కుక్కను పెంచడం కొత్తేమీ కాదు. దాన్ని వెంటబెట్టుకుని సెలవు గడపడానికి ‘పెట్ ఫ్రెండ్లీ’ అన్న మాటను నమ్మి, ముందే డబ్బు కట్టి ఫామ్‌హౌస్ బుక్ చేసుకోవడం మాత్రం కొత్త. ఆ రెండు పదాల చాటున అసత్య వర్ణన ఒక వ్యాపార పద్ధతిగా స్థిరపడే ప్రమాదం ఏర్పడింది.

జరిగే తీరు ఇంచుమించు అన్నిచోట్లా ఒక్కటే. చీకటి పడ్డాక కారు గేటు ముందు ఆగుతుంది. వాచ్‌మన్ టార్చి వేసి వెనక సీటు చూస్తాడు. ‘కుక్కను లోపలికి రానివ్వద్దన్నారు సార్. వెనకాల జనరేటర్ షెడ్డుంది, అక్కడ కట్టేసుకోండి’ అంటాడు. ఓనరుకు ఫోన్ చేస్తే చిన్న జాతి కుక్కలకే అనుమతి అంటారు, లేదా రాత్రికి ఇంత అదనం, శుభ్రతకు వేరే డిపాజిట్ అంటారు. బుకింగ్ నాడు చూసిన ప్రకటనలో ఈ షరతుల్లో ఒక్కటీ ఉండదు. మరికొన్ని చోట్ల లోపలికి రానిస్తారు. కానీ ఫొటోలో చుట్టూ ప్రహరీ ఉన్నట్టు కనిపించిన తోటకు ఒక పక్క కంచె ఉండదు. గేటు కింది సందు కుక్క దూరి రోడ్డెక్కడానికి సరిపోయేంత ఉంటుంది. పెరట్లో బావికి పిట్టగోడ ఉండదు.

దీన్ని ఉన్నవారి చిన్న అసౌకర్యంగా కొట్టిపారేయడం పొరపాటు. గది నచ్చనివారు మామూలుగా మరో గది వెతుక్కుంటారు. కుక్క వెంట ఉన్న కుటుంబానికి ఆ వేళప్పుడు ఆ వీలు లేదు. చాలా హోటళ్లు చేర్చుకోవు, మళ్లీ అంత దూరం తిరుగు ప్రయాణం, పిల్లలు నిద్రకు జోగుతుంటారు. బేరంలో కాలమంతా ఓనరు పక్షానే ఉంటుంది. అప్పుడు అడిగినంత కట్టి లోపలికి నడవడాన్ని అంగీకారం అనలేం. అది నిస్సహాయత. నిస్సహాయతే రాబడిగా మారిన చోట నిజాయితీగా షరతులు ముందే రాసే యజమాని బేరాలు కోల్పోతాడు, దాచిపెట్టేవాడు లాభపడతాడు.

ప్రమాదం డబ్బుతో ఆగదు. గదిలోకి రానివ్వని కుక్కను కారులోనే ఉంచి భోజనానికి వెళ్లేవారున్నారు. ఎండలో అద్దాలు మూసిన కారు నిమిషాల్లో వేడెక్కుతుంది. మనిషిలా చెమటతో ఒళ్లు చల్లబరచుకునే శక్తి కుక్కకు దాదాపు లేదు, రొప్పడమే దానికున్న ప్రధాన మార్గం. ఆ స్థితిలో వడదెబ్బ ప్రాణం తీస్తుంది. కొత్త చోట కట్టేసిన కుక్క బెదిరి అపరిచితులను, పిల్లలను కరిచే అవకాశమూ ఎక్కువే. టీకా పత్రాలు అడగని విడిదిలో ఒక కుక్క నుంచి మరో కుక్కకు పార్వో అంటుకోవచ్చు, పిడుదులు పాకవచ్చు. కుక్కలు వస్తాయన్న సంగతి చెప్పకుండా గది అమ్మితే, వాటికి భయపడే అతిథి కూడా మోసపోయినట్టే.

ఈ పరిస్థితికి మూలం అస్పష్టత. ‘పెట్ ఫ్రెండ్లీ’ అన్న మాటకు వినియోగదారుల చట్టంలో ప్రత్యేక నిర్వచనం లేదు. యాప్‌లో అది ఒక గడిలో పెట్టే టిక్కు మాత్రమే. ఆ టిక్కు ఉంటే వెతికేవారి కంట పడవచ్చు గనుక యజమాని పెడతాడు. స్థలం చూసుకునే కేర్‌టేకర్‌కు ఆ సంగతి తెలియదు. కమీషన్ తీసుకునే వేదిక సరిచూడదు. వివాదం వస్తే ముగ్గురూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు.

చట్టం లేదనడానికి మాత్రం వీల్లేదు. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవను తప్పుగా వర్ణించడమే కాదు, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనే. 2020 ఈ-కామర్స్ నిబంధనలు మరింత సూటిగా ఉన్నాయి. వర్ణనలు, ఫొటోలు వాస్తవానికి సరిపోతాయని వేదికలు విక్రేతల నుంచి హామీ తీసుకోవాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. మొదట చెప్పని రుసుమును చివర్లో బయటపెట్టడాన్ని 2023 నవంబరులో వెలువడిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి.

న్యాయస్థానాల దృష్టి కూడా ఇదే. అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు, సౌకర్యాలు కల్పిస్తామని చెప్పి ప్లాట్లు అమ్మడం కేవలం స్థలం అమ్మకం కాదని, అది ‘సేవ’ కిందికే వస్తుందని తేల్చింది. పార్కింగ్ కోసం హోటల్ సిబ్బందికి తాళం ఇచ్చిన కారు పోయిన కేసులో, ‘ఓనర్స్ రిస్క్’ అని చీటీ మీద ముద్రించినంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యపు బాధ్యత నుంచి తప్పించుకోలేదని 2019లో చెప్పింది. చిన్న అక్షరాల్లో ‘యజమాని విచక్షణ మేరకు’ అని రాసుకున్న విడిదికి కూడా ఈ సూత్రం ఒక హెచ్చరిక.

హక్కు ఉండీ పరిహారం అందకపోవడానికి కారణం ఆచరణలో ఉంది. పోయింది నాలుగైదు వేలు. అడ్వాన్స్ ఎవరిదో ఫోన్ నంబరుకు యూపీఐలో వెళ్లింది. బిల్లు లేదు, యజమాని పూర్తి పేరు తెలియదు. సోమవారం ఆఫీసు పనిలో కోపం చల్లారిపోతుంది. నిజానికి ఐదు లక్షల లోపు చెల్లింపులకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. విడిది ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉన్నా నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ల గడువుంది. కేసుకు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి రాజీకి ప్రయత్నించవచ్చు. కానీ రుజువు కావాలి. బుకింగ్ నాటి ప్రకటనను తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. కుక్క జాతి, బరువు, సంఖ్య రాసి పంపి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. గేటు దగ్గర అదనం కట్టక తప్పకపోతే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని అప్పుడే మెసేజ్ పెట్టాలి.

బాధ్యత ఒక పక్షానిదే కాదు. ఒక కుక్క అని చెప్పి మూడింటిని దించేవారు, టీకాలు వేయించనివారు, పాడైన పరుపు సంగతి దాచి వెళ్లిపోయేవారు కూడా ఉన్నారు. నష్టానికి న్యాయమైన డిపాజిట్ అడిగే హక్కు యజమానికి ఉంది. ఆ మొత్తం బుకింగ్‌కు ముందే కనబడాలన్నదే మా పట్టు.

కనుక కదలవలసినవారు కదలాలి. పర్యాటక నియంత్రణ బాధ్యత గల యంత్రాంగం ‘పెట్ ఫ్రెండ్లీ’ అని చెప్పుకునే ప్రతి విడిదీ కనీసం ఐదు సంగతులు వెల్లడించేలా నిబంధన తేవాలి. ఏ కుక్కలు, ఎన్ని, ఏ గదుల్లోకి, ఎంత రుసుముకు, ఎలాంటి కంచె మధ్య అన్నవే ఆ ఐదు. అనుమతులిచ్చే స్థానిక సంస్థలు ఆ ప్రకటనను స్థలం మీద సరిచూడాలి. వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారులు ఒక్కొక్కరి ఫిర్యాదు కోసం కాచుకోకుండా వేదికలను తమంతట తామే తనిఖీ చేయాలి. పదేపదే తప్పు చెప్పిన విడిదిని జాబితా నుంచి తొలగించకపోతే వేదికనే బాధ్యురాలిని చేయాలి. చిన్న మొత్తాల కేసులను కమిషన్లు వీడియో విచారణతో చట్టం చెప్పిన మూడు నెలల్లో ముగించాలి.

ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు. వచ్చే వేసవి సెలవుల బుకింగులు మొదలయ్యేలోగా ఆ పని జరగాలి. అప్పటికీ జరగకపోతే అదే టార్చి వెలుగులో అదే సమాధానం వినే కుటుంబాలకు జవాబు చెప్పవలసింది వాచ్‌మన్ కాదు, అధికారం చేతిలో ఉండి ఊరుకున్నవారు.