తలకూ పిట్టగోడ కావాలి



మన ఉరుకుంద, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో మిద్దె ఇండ్లు ఎక్కువ. వేసవి రాత్రి బిడ్డలు మిద్దె మీద పడుకుంటామంటే, పిట్టగోడ ఉన్నదా అని తల్లి ముందు చూస్తుంది. క్రొత్త ఇల్లు కట్టించేవాడు పిట్టగోడ కట్టాలనీ, లేకుంటే పడినవాని ప్రాణానికి ఆ ఇల్లే జవాబుదారి అనీ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో చదువుతాము. పడినవాడు జాగ్రత్తగా నడవవలసింది అని అక్కడ లేదు. భారం ఇంటి యజమానిదే. ఆటస్థలంలో బిడ్డల తలల విషయమూ ఇంతే.

పాఠశాలల పోటీలలో సాఫ్ట్‌బాల్ కూడా ఉన్నది. పేరు విని మెత్తని బంతి అనుకోకండి. క్రికెట్ బంతి సుమారు 160 గ్రాములైతే, ఇది సుమారు 180 గ్రాములు. క్రికెట్ పిచ్ 66 అడుగులు. సాఫ్ట్‌బాల్‌లో పెద్ద అమ్మాయిలకే బంతి విసిరే దూరం 43 అడుగులు, చిన్నపిల్లలకు ఇంకా దగ్గర. తప్పుకొనే వ్యవధి ఉండదు. అందుకే అమెరికా హైస్కూలు సాఫ్ట్‌బాల్‌లో బ్యాటింగ్ హెల్మెట్‌కు ముఖ జాలీ ఉండాలని 2006 నుండి నియమం పెట్టారు. ఇంగ్లాండులో 18 ఏండ్లలోపు పిల్లలు గట్టి బంతితో క్రికెట్ ఆడేటప్పుడు జాలీ ఉన్న హెల్మెట్ పెట్టుకోవాలని 2000లో అక్కడి బోర్డు చెప్పింది.

"మావాడు బాగా ఆడతాడు, ఏమీ కాదు" అంటారా? రమణ్ లాంబా భారత టెస్టు ఆటగాడు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా ఫీల్డింగ్ చేస్తూ, ఇంకా మూడు బంతులే కదా అని హెల్మెట్ పెట్టుకోలేదు. బంతి తలకు తగిలింది. మూడు రోజులకు మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 38.

అంతటి అనుభవజ్ఞుడే వద్దనుకొన్నప్పుడు, పన్నెండేండ్ల పిల్లవాడు తనంతట తాను పెట్టుకొంటాడా? తోటివారు పిరికివాడని నవ్వుతారని భయపడతాడు. కనుక పెద్దలే చెప్పాలి: గట్టి బంతి అయితే, హెల్మెట్ లేనివారి చేతికి బ్యాటు లేదు. నియమం అందరికీ ఒకటైతే ఎవరూ నవ్వరు.

ప్రతి ఇంటా కొననవసరం లేదు. జట్టుకు మూడు నాలుగు ఉంటే వంతులవారీగా వాడుకోవచ్చు. బ్యాటు, బంతుల కోసం వేసుకొనే చందాలో మొదటి భాగం దీనికే తీయండి. కొనేటప్పుడు ఇవి చూడండి: తల ఊపినా హెల్మెట్ కదలరాదు. గడ్డం క్రింద పట్టీ బిగియాలి. జాలీ సందులో బంతి దూరరాదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ మరల వాడరాదు. మోటారు సైకిలు హెల్మెట్ ఇందుకు పనికిరాదు.

హెల్మెట్ ఉన్నా ప్రమాదం పూర్తిగా పోదు. 2014లో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్ హెల్మెట్ పెట్టుకొన్నా, అది కప్పని మెడ భాగంలో బంతి తగిలి మరణించాడు. కాబట్టి తలకు దెబ్బ తగిలిన బిడ్డను ఆ రోజు మరల ఆడనివ్వకండి. వాంతి, మగత, తడబాటు మాటలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి తీసుకొనిపోండి.

ఈ సెలవులలో మీ వీధి పిల్లలు ఏ బంతితో ఆడుతున్నారో ఒక సాయంత్రం వెళ్లి చూడండి. గట్టి బంతి అయితే, హెల్మెట్ వచ్చేదాకా వారి చేతికి రబ్బరు బంతి ఇవ్వండి.