కొండకూ బండకూ మధ్య ఈ గోడ ఎందుకు?

సైకిల్ పోటీ అంటే ముందుగా గీత దాటినవాడిదే గెలుపు. ట్రయల్స్‌ది వేరే లెక్క. కాంక్రీటు తూములు, బండరాళ్లు, చెట్టు దుంగలు పేర్చిన దారిలో కాలు కింద పెట్టకుండా సాగిపోవాలి. మన బడుల్లో స్లో సైకిల్ రేసు ఆడినవాళ్లకు ఇందులోని కష్టం వేరే చెప్పనక్కర్లేదు. చాలా ఏళ్లు మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌తో కలిసి నడిచిన ఈ పోటీని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) 2017లో విడదీసి, చైనాలోని చెంగ్డూలో మొదలైన అర్బన్ సైక్లింగ్ చాంపియన్‌షిప్‌లో కలిపింది. ఆ నిర్ణయం తప్పు. దాన్ని సరిదిద్దుకోవడానికి ఇప్పటికీ సమయం మించిపోలేదు.

మౌంటెన్ బైకింగ్, ట్రయల్స్ రెండింటి పుట్టుక వేరన్నది నిజమే. మౌంటెన్ బైకింగ్ అమెరికాలో పెరిగింది. యూసీఐ తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగింది. ట్రయల్స్ స్పెయిన్‌లోని కాటలోనియాలో మోటార్‌సైకిల్ ట్రయల్స్ నీడలో పుట్టింది. మోంటెసా మోటార్‌సైకిళ్లతో పేరు తెచ్చుకున్న పెద్రో పీ తన కొడుకు ఓట్ పీ కోసం ఇంజన్ లేని చిన్న బండి తయారుచేశాడు. ఆ ఓట్ పీ తర్వాత ప్రపంచ విజేత అయ్యాడు. పుట్టిన చోట్లు వేరైనా రెండింటికీ కావలసిన విద్య ఒకటే. చక్రం కింద నేల నమ్మకంగా లేనప్పుడు ఒంటి బరువును ఎక్కడ ఉంచాలో తెలియడం.

ట్రయల్స్ బండిని దగ్గరగా చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. దానికి సీటు ఉండదు, కూర్చునే పనే లేదు కాబట్టి. బ్రేకు వేస్తే చక్రం అంగుళం కూడా జారకూడదని చాలామంది రిమ్ముకు గ్రైండరు పెట్టి గరుకు చేస్తారు. అందుకే పోటీ జరిగేచోట బ్రేకుల కీచుమోత ఆగదు. ఆటగాడు వెనక చక్రం మీద నిలబడి, ముందు చక్రాన్ని గాల్లో ఉంచి, రెండు మూడుసార్లు గెంతి దూరం అంచనా వేసుకుని ఎదుటి బండ మీదికి దూకుతాడు. పోటీ దారిని సెక్షన్లు అనే భాగాలుగా విడగొడతారు, ఒక్కో సెక్షనుకు రెండు నిమిషాల గడువు. ఒకప్పుడు తప్పులకు పాయింట్లు లెక్కించి, తక్కువ వచ్చినవాడిని గెలిపించేవారు. ఇప్పుడు సెక్షనులో గుర్తుపెట్టిన గేట్లలో దాటిన ప్రతిదానికీ పది చొప్పున, సెక్షనుకు గరిష్ఠంగా అరవై పాయింట్లు. కొత్తగా చూసేవాళ్లకు కూడా తేలిగ్గా అర్థమయ్యే ఈ మార్పు మాత్రం మంచిదే.

ఇక కొండ దారికి వద్దాం. 2011లో స్విట్జర్లాండ్‌లోని షాంపెరీలో రెండు పోటీలూ ఒకే చాంపియన్‌షిప్‌గా జరిగాయి. కొండ మీదనుంచి వేగంగా కిందికి దిగే డౌన్‌హిల్ పోటీ రోజున వర్షానికి దారంతా బురద. పందొమ్మిదేళ్ల బ్రిటిష్ కుర్రాడు డానీ హార్ట్ 11 సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. సెకనులో భాగాలతో ఫలితం తేలే పోటీలో అది నమ్మశక్యం కాని అంతరం. ఆ రోజు అందరికీ అదే బురద, అదే వాలు. తేడా తెచ్చింది జారే బండి మీద అతను నిలిపిన తూకమే.

పదేళ్ల తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో ఇజు కోర్సు ఇదే పాఠాన్ని మరోలా చెప్పింది. అక్కడ ఒక పెద్ద బండ మీదనుంచి కిందికి దిగాలి. శిక్షణ సమయంలో ఉన్న చెక్క పలక రేసు రోజున లేదు. ఆ సంగతి తెలియని నెదర్లాండ్స్ మేటి ఆటగాడు మత్యూ వాన్ డెర్ పోల్ అక్కడే ఘోరంగా పడిపోయాడు. అది అతని చేతకానితనం కాదు. కానీ కొండదారుల్లో సాగే క్రాస్‌కంట్రీ పోటీ కోర్సుల్లోకి ట్రయల్స్ అడ్డంకులు ఎంతగా వచ్చిచేరాయో ఆ ఒక్క బండ చూపించింది. కోర్సులు దగ్గరవుతుంటే చాంపియన్‌షిప్‌లను దూరం చేయడం ఏం తర్కం?

ట్రయల్స్‌ను విడదీసింది నగర ప్రేక్షకులకు చేరువ చేయడం కోసమే అనే వాదనను తీసిపారేయలేం. చిన్న సైకిళ్ల విన్యాసాల పోటీ బీఎంఎక్స్ ఫ్రీస్టైల్ ఒలింపిక్స్‌లోకి వెళ్లిన దారిలోనే ట్రయల్స్‌కూ మేలు జరుగుతుందన్న ఆశ అందులో ఉండవచ్చు. ఫలితం ఏమిటి? ట్రయల్స్‌కు ఒలింపిక్ చోటు దక్కలేదు. చెంగ్డూ తర్వాత 2021లో స్పెయిన్‌లోని విక్, 2022లో అబుదాబి, 2023లో గ్లాస్గో. ఇలా వేదికలు మారుతూ, ఒక్కో ఏడు ఒక్కో రూపంలో జరిగింది. కొండ పోటీల కోసం వచ్చే వేలాదిమంది అభిమానులు ట్రయల్స్‌ను కళ్లముందే చూసే అవకాశం మాత్రం పోయింది. పిల్లలు ఒక ఆటలోకి వచ్చేది దాన్ని కళ్లారా చూసినప్పుడే.

మనకు దీనితో పనేమిటంటారా? 2023 అక్టోబరులో ఆసియా మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్ కేరళలోని పొన్ముడి కొండల్లో జరిగింది. అలాంటి పొడవైన కొండ దారి, దాన్ని ఏడాది పొడవునా కాపాడే ఖర్చు అన్ని రాష్ట్రాలకూ అందేవి కావు. ట్రయల్స్‌కు అంత అక్కర్లేదు. ఒక మైదానం, నాలుగు తూములు, పది రాళ్లు చాలు. రాళ్లకు తెలుగు నేలమీద కొదవేమీ లేదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఖాజాగూడ బండల మీద రాళ్లెక్కే సాధన చేసేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ఆ గుట్టలను క్వారీలకూ అపార్టుమెంట్లకూ బలిచేయకుండా కాపాడుకుంటే, వాటిలో కొన్నింటిని సైకిల్ సాధనకు కేటాయించడం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు.

యూసీఐ ట్రయల్స్‌ను మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్ వారంలోకి తిరిగి తీసుకురావాలి. మన క్రీడాశాఖలు అందుకోసం ఎదురుచూడకుండా, జిల్లా స్థాయి సైకిల్ పోటీల్లో ఒక ట్రయల్స్ సెక్షను పెట్టి చూడాలి.