తెర తీసిన సంగీతం

వాద్యం అనగానే తీగె, తోలు, వెదురు, లోహం మనసుకు తోస్తాయి. ఇరవయ్యొకటవ శతాబ్దారంభం నుంచి కొందరు సంగీతకారులు అక్షరాన్ని కూడా ఈ వరుసలో చేర్చారు. వారు సభలో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాము రాస్తారు. రాసిన పంక్తి వెంటనే ధ్వనిస్తుంది. దానిని దిద్దితే ధ్వని కూడా మారుతుంది. ఈ కళకు లైవ్ కోడింగ్ అని పేరు. ఇందులో రాతను, ధ్వనిని కలిపే వంతెన టెక్స్ట్ ఎడిటర్‌కు తగిలించే ప్లగిన్ అనే చిన్న సాధనం. పరిమాణంలో అల్పమైనా, కళాకారునికీ అతని పనిముట్టుకూ మధ్య ఎటువంటి సంబంధం ఉండాలో అది చక్కగా బోధిస్తుంది.

ఈ రంగంలో ప్రసిద్ధి పొందిన వ్యవస్థలలో టైడల్ సైకిల్స్ ఒకటి. ఇంగ్లండుకు చెందిన అలెక్స్ మెక్లీన్ దీనిని హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆధారంగా రూపొందించారు. టైడల్ తనంతట తాను ధ్వని చేయదు. టెక్స్ట్ ఎడిటర్ అంతకన్నా మూగది. అక్షరాలను చూపడం, దిద్దనివ్వడం, భద్రపరచడం మాత్రమే దాని పని. సంగీతకారుడు కొన్ని పంక్తులు రాసి కంట్రోల్, ఎంటర్ మీటలను కలిపి నొక్కగానే ప్లగిన్ ఆ భాగాన్ని తీసుకొని హాస్కెల్ ఇంటర్‌ప్రెటర్‌కు అందిస్తుంది. అక్కడ టైడల్ ఆ రాతలోని లయను గణించి, ఏ శబ్దం ఏ క్షణాన రావాలో నిర్ణయిస్తుంది. ఆ సందేశాలను సూపర్ కొలైడర్ అనే మరొక ప్రోగ్రాము అందుకొని ధ్వనిగా మారుస్తుంది. పాట ఆగకుండానే ఇదంతా జరిగిపోతుంది. ముగించదలచినప్పుడు ‘హష్’ అనే ఒక్క మాట రాసి పంపితే లయలన్నీ సద్దుమణుగుతాయి.

టైడల్ దృష్టిలో కాలం ఒక చక్రం. ఒక ఆవృత్తిలో నాలుగు శబ్దాల పేర్లు రాస్తే ఒక్కొక్కదానికి నాలుగోవంతు కాలం దక్కుతుంది. అయిదు రాస్తే అయిదోవంతు. రెండు పేర్లను చదరపు బ్రాకెట్లలో పెడితే అవి రెండూ ఒక్కదాని వాటాను పంచుకొంటాయి. ఆవర్తనం మారకుండా చతురశ్ర గతి నుంచి ఖండ గతికి మళ్లే మార్దంగికుని లెక్క తెలిసినవారికి ఇది పరాయి విద్యగా తోచదు. ఈ బంధుత్వం కేవలం ఊహ కాదు. టైడల్‌లో లయను రాసే పద్ధతిపై బోల్ ప్రాసెసర్ అనే పూర్వపు ప్రోగ్రాము ప్రభావం ఉంది. లక్నో ఘరానా తబలా విద్వాంసుడు ఉస్తాద్ అఫాక్ హుస్సేన్ ఖాన్ వద్ద విద్య నేర్చిన పరిశోధకుడు జేమ్స్ కిప్పెన్, కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ బెల్ కలిసి, తబలా కాయిదాల విస్తరణ సూత్రాలను కంప్యూటర్‌కు తెలియజెప్పడానికి 1980ల దశకంలో చేసిన కృషికి అది సాధనం. నోటితో పలికే భారతీయ జతుల సంప్రదాయం ఆ విధంగా నేటి ఎడిటర్ తెర వరకు ప్రయాణించింది.

మీటలు నొక్కడం సంగీతమెలా అవుతుందని ఆక్షేపించేవారున్నారు. ఆ ఆక్షేపణలో కొంత న్యాయం ఉంది. వయొలిన్ విద్వాంసుని కమాను కదలికకూ నాదానికీ ఉన్న ప్రత్యక్ష బంధం కీబోర్డుపై వేళ్ల కదలికకు లేదు. ఏళ్ల తరబడి సాధనతో చేతికి అబ్బే నాదశుద్ధి ఇక్కడ వెతికినా దొరకదు. అయితే సంగీతం చేతిలో మాత్రమే నివసించదు. తరువాత ఏది రావాలి, ఏది ఆగాలి, ఏది ఎంతసేపు నిలవాలి అన్న నిర్ణయంలో కూడా ఉంటుంది. పృచ్ఛకుల నడుమ పద్యం అల్లే అవధానిని ప్రజలు గౌరవించడానికి కారణం, ఆ నిర్మాణం తమ కళ్లెదుట, వ్యవధి లేని వేళ జరుగుతూ ఉండడమే. లైవ్ కోడింగ్ చేసేవారికి ఎదురయ్యే పరీక్ష కూడా అటువంటిదే. ముందే సిద్ధం చేసిన పాటను మీట నొక్కి వినిపించడం సులభం. ఖాళీ తెరతో మొదలుపెట్టి, వింటున్నవారి ముందు పంక్తి తరువాత పంక్తిగా కట్టుకొంటూ పోవడం కష్టం. ఈ కష్టంలో తప్పుకు కూడా చోటుంది. బ్రాకెట్ మూయడం మరచి పంక్తిని పంపితే హాస్కెల్ దానిని నిరాకరించి దోషాన్ని తెలియజేస్తుంది. అంతకు ముందు మోగుతున్న లయ మాత్రం ఆగదు. తప్పు దిద్దుకొనే అవకాశం కళాకారునికి సభలోనే లభిస్తుంది.

2004లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో లైవ్ కోడింగ్ కళాకారులు టాప్‌లాప్ అనే కూటమిగా ఏర్పడ్డారు. ప్రదర్శించేవారు తమ కంప్యూటర్ తెరను సభకు చూపాలన్నది ఆ కూటమి ప్రధాన ఆశయాలలో ఒకటి. తోలుబొమ్మలాటలో తెర ఆడించేవారిని దాచి బొమ్మను చూపుతుంది. ఇక్కడ తెర ఆడించే చేతి పనినే చూపుతుంది. చూసేవారందరికీ ప్రోగ్రాము అర్థం కాకపోవచ్చు. రాగలక్షణం తెలియనివారు కూడా కచేరీ విని ఆనందిస్తున్నారు కదా! తెరపై ఒక సంఖ్య మారగానే చెవికి లయ మారినట్లు తెలిస్తే, కారణానికీ కార్యానికీ ఉన్న సంబంధం సామాన్యునికి కూడా అందుతుంది. కంటికి కనబడని ప్రోగ్రాములు మానవ జీవితంలోని ఎన్నో నిర్ణయాలను శాసిస్తున్న ఈ కాలంలో, ఈ ఆజ్ఞకు ఇది ఫలితమని బహిరంగంగా చూపే కళకు సామాజిక ప్రయోజనం కూడా ఉన్నది.

ఈ దాపరికం లేనితనం తెర దగ్గర ఆగిపోతే చాలదు. పనిముట్టులో కూడా ఉండాలి. 2022లో జరిగిన ఒక పరిణామం ఇందుకు నిదర్శనం. అప్పటికి టైడల్ సంగీతకారులలో పలువురు ఆటమ్ అనే ఎడిటర్‌లో టైడల్ ప్లగిన్‌ను వాడుతున్నారు. ఆటమ్‌ను నిర్వహించిన గిట్‌హబ్ సంస్థ దానిని నిలిపివేయనున్నట్లు ఆ ఏడాది జూన్‌లో ప్రకటించి, డిసెంబర్ 15న ఆ పని ముగించింది. సంస్థకు అది ఒక నిర్వహణ నిర్ణయం. సంగీతకారునికి చేతిలోని వాద్యం చేజారడం. అయినా ఆ సంగీతం ఆగలేదు. ఇందుకు రెండు కారణాలున్నాయి. కృతులు సాదా అక్షరాలలో రాసినవి కనుక వాటిని ఏ ఎడిటర్‌లోనైనా తెరవవచ్చు. ఈమాక్స్, విమ్, విజువల్ స్టూడియో కోడ్ వంటి ఎడిటర్లకు కూడా టైడల్ ప్లగిన్లు ఉన్నాయి. ఇక రెండవది, ఆటమ్ మూలరచన అందరికీ బహిరంగంగా లభించడం. దానిని ఆధారం చేసుకొని కొందరు ఔత్సాహికులు పల్సార్ అనే ఎడిటర్‌ను నిలబెట్టారు. పాత ప్లగిన్‌కు అక్కడ ఆశ్రయం దొరికింది.

బహిరంగంగా, ఉచితంగా లభించే సాధనం శ్రమ లేకుండా నిలుస్తుందని భావించరాదు. దోషాలను దిద్దడం, కొత్తవారికి మార్గం చూపడం వంటి పనులను ఎవరో ఒకరు ప్రతిఫలం ఆశించకుండా చేయవలసి ఉంటుంది. హాస్కెల్, సూపర్ కొలైడర్, ఎడిటర్, ప్లగిన్‌లను ఒకదానితో ఒకటి పొసగించడం కొత్తగా నేర్చేవారికి ఓర్పుతో కూడిన పని. ఈ భారాన్ని తగ్గించడానికే టైడల్ లయ పద్ధతిని నేరుగా బ్రౌజర్‌లో నడిపే స్ట్రూడెల్ 2022లో మొదలయింది. సాధనం సులభం కావడం మంచిదే. సులభమైన సాధనాన్ని కూడా లోపలికి తొంగిచూసి సరిచేసుకొనే వీలు మిగిలి ఉండాలి. వీణ మెట్లు మైనంలో అమర్చి ఉంటాయి. మెట్టు కదిలి స్వరం తప్పితే మేళం కట్టించుకొని వైణికుడు మళ్లీ వాయిస్తాడు. తెరిచి చూడలేని, బాగుచేసుకోలేని పనిముట్టుపై ఆధారపడిన కళ అద్దె ఇంటి కాపురం వంటిది. యజమాని పొమ్మన్న రోజున సామాను సర్దుకోక తప్పదు.

కనుక కళాశాలల కంప్యూటర్ ప్రయోగశాలలలో లెక్కలు కట్టే ప్రోగ్రాములతో పాటు ఒక లయచక్రాన్ని కూడా రాయించడం మేలు. సంగీతం తెలిసిన విద్యార్థి తాళాన్ని సంఖ్యలలో చూస్తాడు. గణితం తెలిసిన విద్యార్థిని భిన్నాలను చెవితో వింటుంది. రాసిన పంక్తి తప్పయితే దిద్దుకొని మళ్లీ పంపుతారు. ఆ దిద్దుబాటును తోటివారి ముందు చేయడానికి జంకకపోవడం, ఏ రంగంలో స్థిరపడినా వారికి ఉపకరించే గుణం.