పరీక్ష తప్పిన కారు

అద్దములో మొగము మసిగా గనుపించినచో మొగము కడుగుకొనవలెను గాని యద్దమును దిట్టరాదు. మన పట్టణములందలి పాతకార్ల యజమానులు పెక్కండ్రు దీనిని మఱచినారు. పొల్యూషన్ పరీక్షలో బండి తప్పినదనగానే, దోషమెక్కడనని యడుగుట మాని, సర్టిఫికెట్టునకెంత యని యడుగుచున్నారు. సైలెన్సరు గొట్టమున కొలతకడ్డీ పెట్టకయే పత్రము నిచ్చువారును దొరకుచున్నారు. ఈ బేరమును మేము ఖండించుచున్నాము.

"మా బండినుండి పొగయే రాదే!" యని కొందఱు వాదింతురు. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో జేరి ప్రాణవాయువునకు చోటు లేకుండ జేయును. యజమాని యద్దములు బిగించుకొని సాగిపోవును. కూడలిలో నిలిచిన పోలీసును, తోపుడుబండివాడును, బడికేగు బిడ్డయు దానిని పీల్చుచున్నారు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 115వ నియమము హద్దులను నిర్ణయించినది. భారత్ స్టేజి 2 నకు పూర్వపు పెట్రోలు కారు, ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నపుడు, నూటికి 3 పాళ్ల మోనాక్సైడును, పదిలక్షలకు 1,500 పాళ్ల హైడ్రోకార్బనులను మించి విడువరాదు. 2, 3 స్టేజిల కార్లకు హద్దు 0.5, 750. ఈ యంకెలే రోగమును దెలుపును. మోనాక్సైడు హెచ్చినచో గాలి చాలక పెట్రోలు మిక్కుటమైనదని యర్థము: ఎయిర్ ఫిల్టరును, కార్బురేటరు అమరికను, తరువాతి కార్లలో ఆక్సిజన్ సెన్సారును పరీక్షింపవలెను. హైడ్రోకార్బనులు హెచ్చినచో పెట్రోలు మండకయే వెలువడుచున్నది: ప్లగ్గులను, వాని తీగలను, ఇగ్నిషను టైమింగును ముందు చూడవలెను.

ఇవేవియు జూడక, క్యాటలిటిక్ కన్వర్టరు మార్చవలసినదే యని బెదరించు మెకానిక్కులును గలరు. మండని పెట్రోలు చేరుటచే కన్వర్టరు మితిమీఱి వేడెక్కి చెడును. మూలదోషము నట్లే యుంచి క్రొత్తది బిగించినచో దానికిని అదియే గతి. చల్లని ఇంజనుతో పరీక్షకు బోవుటయు దగదు. వేడెక్కనిదే కన్వర్టరు పనిచేయదు.

పాతబండివానిపై నింత కాఠిన్యమేల యందురా? ఫిల్టరునకు, ప్లగ్గులకు అగు వ్యయమెంత? ప్రమాణములను మీఱి బండి నడపినవానికి, 2019 సవరణ ననుసరించి, చట్టము విధింపగల జుల్మానా 10,000 రూపాయల వఱకు గలదు. పేదఱికము పేరు చెప్పి యితరుల యూపిరితిత్తులను తాకట్టు పెట్టు హక్కు ఎవ్వరికిని లేదు.

పరీక్షాకేంద్రములవారు తప్పిన బండి యంకెలను యజమానికి విప్పి చెప్పవలెను. అధికారులు హెచ్చరిక లేకయే యా కేంద్రములను తనిఖీ చేసి, పత్రములమ్మువారి యనుమతిని రద్దుపఱుపవలెను. యజమానులారా! అంకెల నడిగి తెలిసికొనుడు; దోషమును బాగుచేయించుడు; మరల పరీక్షింపజేయుడు. కొన్న పత్రము పోలీసును మోసగించునేమో గాని, మీ వెనుక నడచు బిడ్డ యూపిరిని మోసగింపజాలదు.