ఏటి నీళ్ల గోల సరే, ఊపిరి సంగతేంది?

నగరి, పుత్తూరు వైపు రంగుల షెడ్ల మాట ఎప్పుడొచ్చినా కుశస్థలి ఏట్లో కలిసే రంగునీళ్ల గురించే వస్తుంది. రావాల్సిందే. ఆ ఏరు పోయి పూండి రిజర్వాయరులో కలుస్తుంది, ఆ నీళ్లు చెన్నై వాళ్లు తాగుతారు. కాబట్టి మాట్లాడేవాళ్లున్నారు. ఆ నీళ్లు ఏట్లో పడకముందు తొట్టి పక్కన నిలబడి రంగు కలిపిన కూలిమనిషి పీల్చిన గాలిని ఎవరు కొలిచారని మేము అడుగుతున్నాం.

డబ్బా మూత తీసి పొడి తూకమేసేటప్పుడు కంటికి కనబడీ కనబడని దుమ్ము లేస్తుంది. నూలును గట్టిగా పట్టుకునే రియాక్టివ్ రంగులు మన ఒంట్లోని మాంసకృత్తుల్ని గూడా అట్లాగే పట్టుకుంటాయి. మొదట తుమ్ములు, ముక్కు కారడం. నెలలకో ఏళ్లకో రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, ఎద పట్టేసినట్లుండటం. ఒళ్లు ఒకసారి ఆ రంగుకు ఎదురుతిరిగిందంటే ఆపైన చిటికెడు పొడి చాలు. సెలవురోజు తేలికపడి, పనికి పోతే మళ్లీ వస్తుంటే అది పని తెచ్చిన రోగమేమోనని అనుమానించాలి. మనోళ్లేమో బీడీ వల్లంటారు, చలిగాలంటారు, తాయెత్తు కట్టిస్తారు. ముఖానికి తువ్వాల చుట్టుకుంటారు. ఆ సన్నపొడిని తువ్వాల ఆపదు.

బొంబాయి మిల్లుల్లో 1928 సమ్మె నాటికి నేతఖాతాలోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. తెగిన పోగును ఎంగిలితో తడపాలి గదా, మన ఎంగిలి మైల! బాబాసాహెబ్ ఈ సంగతి మీద సమ్మె నాయకులనే నిలదీశాడు. అప్పుడు మన ఎంగిలి గుడ్డకు తగలకూడదన్నారు. ఇప్పుడా గుడ్డ రంగు మన ఊపిరితిత్తుల్లోకి పోతుంటే ఎవరికీ మైల లేదు.

ఇక చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2020 కోడ్ దాన్ని 20 చేసింది. పదిహేనుమంది చేసే షెడ్డు ఇప్పుడు ఫ్యాక్టరీ కాదంట! ఊపిరితిత్తులు తలకాయలు లెక్కబెట్టుకుని చెడిపోతాయా?

పొడి తూచేదానికి వేరే గది, దుమ్ము లాగే ఫ్యాను, సరైన మాస్కు, ఏడాదికోసారి ఊపిరి పరీక్ష: యజమాని నెత్తిన కొండ పెట్టమని మేమడగడం లేదు. పదిమంది ఉన్నచోట ఇ.ఎస్.ఐ. కార్డు ఏదని మేస్త్రీని అడగండి. ఆసుపత్రికి పోతే చీటీ మీద ‘రంగుల షెడ్డులో పని, ఇన్నేళ్లు’ అని డాక్టరు చేత రాయించుకోండి. ఆ ముక్క లేకపోతే రేపు నష్టపరిహారం అడిగేదానికి ఆధారం చిక్కదు. ఆ చీటీలు సంఘానికి తీసుకురండి. వచ్చేటప్పుడు డబ్బా మీదున్న రంగు పేరు గూడా రాసుకుని రండి.