ఆ పద్దెనిమిది రూపాయలు ఎవరివి?

తెలంగాణ ఖజానా గురించి మాట్లాడమంటే మన నాయకులు, వాళ్ల వెనకే మన విశ్లేషకులు, అప్పు దగ్గర మొదలుపెట్టి అప్పు దగ్గరే ఆగిపోతున్నారు. 2023 డిసెంబర్ 20న శాసనసభ ముందుకొచ్చిన శ్వేతపత్రం మొత్తం అప్పు రూ.6,71,757 కోట్లని తేల్చింది. నాలుగు రోజులకే ప్రతిపక్షం ‘స్వేదపత్రం’ పేరుతో పోటీ కాగితం పట్టుకొచ్చి, అంత లేదు పొమ్మంది. ఇప్పటికీ టీవీ చర్చల్లో, సభల్లో ఆ రెండు కాగితాల తగువే నడుస్తోంది. అదే శ్వేతపత్రంలో ఇంకో అంకె ఉంది. రాసినవాళ్లు దాన్ని మళ్లీ ఎత్తలేదు, ఖండించినవాళ్లూ ఎత్తలేదు. రాష్ట్రం వచ్చాక తొలి తొమ్మిదేళ్లలో బడ్జెట్లు చూపించిన మొత్తంలో నిజంగా ఖర్చయింది సగటున 82 శాతం. అంటే నూరు రాసి ఎనభై రెండు పెట్టారు. మిగిలిన పద్దెనిమిది ప్రసంగంలో వినిపించి అక్కడే ఆగిపోయింది.

ఖమ్మం దాటి పాల్వంచ మీదుగా భద్రాచలం, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల, ఆపైన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వరకు ఉన్న అడవి అంచు మండలాలకు రాష్ట్ర ఆర్థిక ఆరోగ్యమంటే ఆరు లక్షల కోట్ల అప్పు కాదు, ఈ పద్దెనిమిది రూపాయలే. ఎందుకంటే కోత అందరి మీదా సమానంగా పడదు.

లెక్క చూడండి. మాటవరసకు నూరు రూపాయల బడ్జెట్‌లో జీతాలు, పింఛన్లు, వడ్డీలు నలభై అనుకుందాం. వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. వడ్డీ ఆగితే మర్నాడు అప్పు పుట్టదు, జీతం ఆగితే మర్నాడు ధర్నా. కాబట్టి ఆ నలభై నలభైగానే వెళ్తుంది. మిగిలిన అరవైకి దక్కేది నలభై రెండు. ఇందులో ఓట్ల లెక్కతో ముడిపడిన పథకాలు మరో ఇరవై అనుకుంటే అవీ ఎలాగోలా నడుస్తాయి, నడవాలి కూడా. ఇక చివర మిగిలిన నలభై రూపాయల పనులకు వచ్చేది ఇరవై రెండు. పైన పద్దెనిమిది శాతంగా కనిపించిన కోత కిందికి దిగేసరికి నలభై ఐదు శాతమవుతుంది. వాగు మీద వంతెన, గుండాల, ఆళ్లపల్లి వైపు లింకు రోడ్డు, ఆశ్రమ పాఠశాల అదనపు గదులు, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చిన్ననీటి పనులు అన్నీ ఈ చివరి నలభైలోనే ఉంటాయి. వానాకాలంలో గర్భిణిని డోలీ కట్టి వాగు దాటించారన్న వార్త పేపర్లో వచ్చిన ప్రతిసారీ అధికారుల నిర్లక్ష్యం అని రాసేస్తాం. ఆ వంతెన ఏ ఏడాది బడ్జెట్ పుస్తకంలో ఉందో, ఏ ఏడాది విడుదల కాకుండా పోయిందో ఎవరూ వెతకరు.

అసలు నూరు అని రాయడమెందుకు? ఎనభై రెండే వస్తుందని ఆర్థిక శాఖకు తెలియదా? భేషుగ్గా తెలుసు. 2022–23లో కేంద్రం నుంచి గ్రాంట్ల కింద రూ.41 వేల కోట్లు వస్తాయని రాశారు. వచ్చింది 13 వేల కోట్ల పైచిలుకు. ఆ దెబ్బ తగిలాక మరుసటి ఏడాది ఏం రాయాలి? మళ్లీ 41 వేల కోట్లకు పైనే రాశారు. ఈసారి పది వేల కోట్లు కూడా రాలేదు. దీన్ని అంచనా తప్పడం అనలేం. రాదని తెలిసిన రాబడిని రాసి, దాని మీద ఖర్చు పద్దులు పేర్చారు. శ్వేతపత్రం పెట్టిన కొత్త ప్రభుత్వం ఆ గ్రాంట్ల అంకెను దాదాపు సగానికి తగ్గించింది, ఆ మాట చెప్పాలి. కానీ ఆ పొదుపరితనం మొత్తం పద్దు దగ్గర కనిపించలేదు. 2025 మార్చి 19న పెట్టిన 2025–26 బడ్జెట్ రూ.3,04,965 కోట్లతో తొలిసారి మూడు లక్షల కోట్లు దాటింది. పాత సగటే నడిస్తే ఇందులో సుమారు 55 వేల కోట్లు ఖర్చు కావు. తమాషా ఏమిటంటే ఆ ఏడాది ద్రవ్యలోటుగా చూపింది కూడా దాదాపు అంతే, రూ.54,009 కోట్లు. లోటు మీద సంపాదకీయాలు రాశాం. అంతే సైజున్న రెండో గొయ్యి సంగతి ఒక్కరూ రాయలేదు.

చట్టం సంగతికి వస్తే ఈ అంకె ఇంకా పదునెక్కుతుంది. 2017లో తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక ప్రగతి నిధి చట్టం తెచ్చింది. ఉమ్మడి రాష్ట్రపు 2013 ఉప ప్రణాళిక చట్టం కంటే ఇది మేలని, ఖర్చు కాని సొమ్ము ఇక మురిగిపోదని, వచ్చే ఏడాదికి కలుస్తుందని అప్పట్లో గట్టిగా చెప్పారు. చాలామంది గిరిజన నాయకులు ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. చట్టం పూర్తిగా చదివితే తెలుస్తుంది మెలిక. మిగిలిపోయిన సొమ్మును మొత్తం ప్రగతి పద్దు (పథకాల ఖర్చు) ఎంత మేరకు ఖర్చయిందో ఆ దామాషాలోనే మరుసటి ఏడాది భర్తీ చేస్తారట. అంటే రాష్ట్రం మొత్తమ్మీద ప్రగతి పద్దులో నూటికి ఎనభై రెండే ఖర్చయి, గిరిజన నిధిలోనూ ఎనభై రెండే ఖర్చయితే భర్తీ చేయాల్సింది సున్నా. గిరిజన నిధిలో అరవై ఖర్చయితే భర్తీ ఇరవై రెండు. పద్దెనిమిది మాత్రం ఎప్పటికీ తిరిగిరాదు, అడగడానికి హక్కూ లేదు. బడ్జెట్‌ను ఎంత ఉబ్బిస్తే గిరిజనుల చట్టబద్ధ హక్కు అంత తరిగిపోయే ఏర్పాటిది. 2025–26లో ఎస్టీలకు రూ.17,169 కోట్లు అని పెద్ద అక్షరాల్లో వేసిన మన పత్రికలు ఈ మెలికను ఒక్క వాక్యంలోనైనా రాసి ఉంటే బాగుండేది.

భద్రాచలం పరిసరాల్లో ఈ తేడా కంటికే కనిపిస్తుంది. 2022 జులై 16న గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. మర్నాడు అప్పటి ముఖ్యమంత్రి వచ్చారు, ఎత్తైన చోట కాలనీ కడతామన్నారు, వరద ముప్పు శాశ్వతంగా తప్పించడానికి వెయ్యి కోట్లు ప్రకటించారు. ఆ రోజు దేశమంతా చెప్పుకున్నది మాత్రం మేఘ విస్ఫోటనం వెనక విదేశీ కుట్ర ఉందేమోనన్న ఆయన అనుమానాన్ని. వెయ్యి కోట్ల మాట దాని చాటున మరుగున పడింది. ఆ కాలనీ ఎక్కడుందో ముంపు వీధుల్లో ఎవరినైనా అడగండి. ప్రకటన ఒక ఎత్తు, బడ్జెట్ పద్దు ఇంకో ఎత్తు, విడుదల మరో ఎత్తు, చెల్లింపు వేరే ఎత్తు. నాలుగు మెట్లలో ఈ ప్రాంతానికి దక్కేది ఎక్కువగా మొదటిదే.

సీతారామ ఎత్తిపోతలది మరో దారి. 2016 ఫిబ్రవరిలో రోళ్లపాడు దగ్గర శంకుస్థాపన జరిగినప్పుడు అంచనా రూ.7,926 కోట్లు. తర్వాత అది 13 వేల కోట్లు దాటింది. 2024 ఆగస్టు 15న పూసుగూడెం దగ్గర పంపులు ఆన్ చేసేనాటికి ఎనిమిదిన్నరేళ్లు గడిచాయి. ఆరున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు అన్న మాట నీళ్లుగా మారాలంటే పంపులు చాలవు, పిల్ల కాలువలు కావాలి. పంపుహౌస్‌కు కార్పొరేషన్ పేరు మీద బయట అప్పు పుడుతుంది, ప్రారంభోత్సవమూ ఉంటుంది. పిల్ల కాలువకు భూసేకరణ డబ్బు కావాలి, అది ఖజానా నుంచే రావాలి. ఖజానా నుంచి వచ్చేది ఎనభై రెండులో మిగిలింది.

అడవిలో సాగుచేసుకునే పోడు భూముల సంగతి చూడండి. 2023లో పట్టాలిచ్చినప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనే దాదాపు యాభై వేల మందికి లక్షన్నర ఎకరాల హక్కు పత్రాలు అందాయి. ఆ భూములకు సోలార్ పంపుసెట్లు పెట్టడానికి 2025 మే 18న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. ఐదేళ్లలో ఆరు లక్షల ఎకరాలు, రూ.12,600 కోట్లు. ఏడాదికి సగటున రూ.2,520 కోట్లన్నమాట. పథకం మంచిదే, నాకు ఫిర్యాదు లేదు. ఐదేళ్ల తర్వాత ఆ మొత్తంలో ఎంత ఖర్చయిందని అడిగితే మాత్రం, ఎన్ని కోట్లు ‘మంజూరు’ చేశామో చెప్పి తప్పించుకుంటారేమోనన్నది నా భయం.

ఈ కోత ఎలా పడుతుందో తెలియాలంటే ట్రెజరీ దాకా వెళ్లాలి. ఏ మంత్రీ పని రద్దు చేశామని ఉత్తర్వు ఇవ్వడు. బడ్జెట్ విడుదల ఉత్తర్వు వస్తుంది, పని జరుగుతుంది, బిల్లు పెడతారు, టోకెన్ నంబర్ కూడా వస్తుంది. అక్కడితో ఆగిపోతుంది. మార్చి 31 దాటాక బిల్లు మళ్లీ మొదటికి. 2014–15లో ఆర్‌బీఐ దగ్గర చేబదులు అవసరం లేకుండా ఖజానా నడిచిన రోజులు 303, అంటే రాష్ట్రం పుట్టిన నాటి నుంచి ఆ మార్చి దాకా ప్రతి రోజూ. శ్వేతపత్రం వచ్చిన ఏడాదికి అవి 30కి పడిపోయాయి. అలాంటి ఖజానా ముందు వరుసలో నిలబడ్డప్పుడు హైదరాబాద్‌లో మనిషి ఉన్న పెద్ద కాంట్రాక్టరు బిల్లు ముందు కదులుతుందా, పంచాయతీలో సీసీ రోడ్డు వేసి అప్పులపాలైన మాజీ సర్పంచ్ బిల్లు ముందు కదులుతుందా? 2024 ఫిబ్రవరి 1న పదవీకాలం ముగిశాక మాజీ సర్పంచులు బకాయిల కోసం రోడ్డెక్కింది ఊరికే కాదు. కొత్తగూడెం బొగ్గుదీ ఇదే కథ. సర్కారు విద్యుత్ సంస్థలు సింగరేణి బొగ్గు కాల్చుకుని వేల కోట్లు బకాయి పడ్డాయి. బడ్జెట్‌లో కనిపించని అప్పుకు అంతకంటే మంచి చిరునామా లేదు.

కేంద్రాన్ని తప్పుపట్టేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కేంద్ర పన్నుల్లో తెలంగాణ వాటా 14వ ఆర్థిక సంఘం హయాంలో 2.437 శాతం, 15వది దాన్ని 2.102కి దించింది. అది నష్టమే. కానీ వాటా తగ్గిందని తెలిసినవాడు ఇంకా జాగ్రత్తగా రాయాలి గదా, ఇంకా ఉబ్బించడమేమిటి? ఇక ఉచితాలు ఆపితే అన్నీ చక్కబడతాయనే పెద్దమనుషులకు ఒకటే ప్రశ్న. రేపు ఆ డబ్బు మిగిలితే అది చర్లకు వస్తుందని మీకెవరు చెప్పారు? వరుసలో చివర నిలబెట్టిన పద్ధతి మారనంతకాలం మిగిలింది కూడా ముందున్నవాళ్లకే పోతుంది.

ఉమ్మడి ఖమ్మం జిల్లా నుంచి ఇప్పుడు ముగ్గురు మంత్రులున్నారు. వారిలో ఒకరు ఆర్థిక మంత్రి, ఉప ముఖ్యమంత్రి కూడా. మధిర నుంచి గెలిచిన ఆయన చేతి మీదుగానే ఆ 82 శాతం అంకె సభకు వచ్చింది. కాబట్టి తెలియదనడానికి లేదు. మాకు ఇంకో శ్వేతపత్రం అక్కర్లేదు. భద్రాచలం ఐటీడీఏ పరిధిలో మండలాలవారీగా మూడు గళ్లున్న ఒక పట్టిక చాలు. ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత చెల్లించారు. మూడు నెలలకోసారి కలెక్టరేట్ గోడకు అంటించండి. దాంతోపాటు 2017 చట్టంలోని ఆ దామాషా మెలికను ఒక్క సవరణతో తీసేయండి. రెండింటికీ డబ్బు ఖర్చు కాదు, కేంద్రం అనుమతి అక్కర్లేదు. గత ప్రభుత్వపు అప్పును చివరి కోటి దాకా లెక్కగట్టి సభలో చదివిన ఆర్థిక శాఖకు, చర్ల మండలానికి నిరుడు ఎంత చెల్లించిందో చెప్పడానికి ఏమడ్డొస్తోంది?